అనుదినాహారము: ‘మా’ అను మాటకు హద్దు

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో ఆహారమును గూర్చిన విన్నపము మిక్కిలి చిన్నది. ఆదివారపు బడిలో పసిబిడ్డలు సైతము దానిని తప్పు లేకుండ అప్పగింతురు. అయితే అనువాదకుని బల్లమీదికి వచ్చునప్పటికి అది చిన్నదిగా నుండదు. అందలి రెండు మాటలు అనేక సంవత్సరములుగా నన్ను ఆలోచింపజేయుచున్నవి. ఒకటి, ‘అనుదిన’ అని మనము పలుకు మాట. రెండవది, ‘మా’ అను ఒక్క అక్షరము. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి మన నగరములను మూసివేసినప్పుడు ఈ రెండు మాటలును పుస్తకము విడిచి మా వంటయింటిలోనికి వచ్చినవి. అవి వచ్చిన సంగతి నేను ఆలస్యముగా తెలిసికొంటిని. ఆ ఆలస్యమును చదువరుల యెదుట ఒప్పుకొని, దానినుండి పుట్టిన ప్రశ్న నొకదానిని విచారింప గోరుచున్నాను. పొరుగింటి ఆకలి తీర్చుట మన దయయా, లేక మనము తీర్చవలసిన ఋణమా?

మా యింటి సంగతి

ఆ యేడు మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి ప్రసంగించి, ఆ అర్ధరాత్రి మొదలుకొని 21 దినములు దేశమంతయు మూసివేయబడునని ప్రకటించిరి. సికింద్రాబాదులోని మా యింట నేనును నా భార్యయు ఇరువురమే ఉందుము. వదంతులు విని, నాలుగు దినములు ముందుగనే 25 కిలోల బియ్యపు బస్తాలు రెండు, కందిపప్పు, నూనె, గోధుమపిండి తెచ్చి పెట్టుకొంటిమి. మా యింట అంట్లు తోము స్త్రీ పాలమూరు ప్రాంతమునుండి భర్తతోను ముగ్గురు బిడ్డలతోను వలస వచ్చినది. భర్త అడ్డామీద నిలిచి, పని దొరికిననాడు కూలికి పోవువాడు. పనివారిని ఎవ్వరిని లోపలికి రానీయకూడదని మా గృహసముదాయమువారు నిర్ణయించిరి. ఆ నిర్ణయమునకు నేనును చేయి ఎత్తితిని. ఆమెకు ఆ నెల జీతము లెక్కగట్టి ఇచ్చి, పరిస్థితి చక్కబడినప్పుడు కబురు చేసెదమని నా భార్య చెప్పెను. ఇయ్యవలసినది ఇచ్చితిమి గనుక మా మనస్సాక్షి నెమ్మదిగా నుండెను.

జూను నెలలో ఆమె తిరిగి వచ్చెను. మునుపటి మనిషి కాదు, చిక్కి సగమైయుండెను. నా భార్య కూర్చుండబెట్టి అడుగగా సంగతి కొంచెము కొంచెముగా బయటపడెను. ఏప్రిలు రెండవ వారమునుండి ఆ యింట పొయ్యి దినమున కొక్కమారే వెలిగినది. మొదట పిల్లలు తినిరి, పిమ్మట భర్త, మిగిలిన గంజి ఆమెకు. రేషను కార్డు ఊరిలో అత్తగారి పేర నున్నది. “ఒక్క ఫోను చేయకపోతివా అమ్మా?” అని నేను అడిగితిని. ఆమె తల యెత్తకయే, “అడిగితే ఇస్తరని తెలుసు అయ్యగారూ. మీరే అడుగుతరేమో అని చూసిన” అనెను.

ఆ మాటలో నింద లేదు. నింద యుండినయెడల దానికి జవాబు వెదకి యుందునేమో! ఆ రెండు మాసములును ప్రతి రాత్రి మా దంపతులము మోకరించి ఆహారమును గూర్చిన ఆ విన్నపమును పలుకుచునే యుంటిమి. మా యింటినుండి ఆమె గదికి నడచిన పావుగంట దూరము.

‘అనుదిన’ అనగా ఏమి?

గ్రీకు మూలములో ఈ స్థలమున నున్న మాట ‘ఎపియూసియోస్’. మత్తయి, లూకా సువార్తలలోని ఈ ప్రార్థనయందు తప్ప క్రొత్త నిబంధనలో మరెచ్చటను అది కానరాదు. మూడవ శతాబ్దమున గ్రీకు మాతృభాషగా గల ఓరిగెను పండితుడే ఈ మాట పండితుల వాడుకలో గాని సామాన్యుల నోట గాని లేదని వ్రాసెను. లాటినులోనికి అనువదించిన జెరోము దీనిని మత్తయిలో ఒక విధముగాను లూకాలో మరియొక విధముగాను తర్జుమా చేసెను. నేటికి కావలసిన ఆహారమని కొందరు, ప్రాణము నిలుపుటకు చాలిన ఆహారమని కొందరు, రాబోవు దినపు ఆహారమని మరికొందరు వాదింతురు. ఈ మూడింటిలో ఒకటి ఎన్నుకొనవలెనని నేను చాలకాలము శ్రమపడితిని.

దినకూలితో బ్రతుకు నగరపు ఇంటిలో ఈ మూడును వేరు కావు. నేటి కూలి నేటి రాత్రి బియ్యమగును. ఆ బియ్యమే ప్రాణము నిలుపును. ఆ అన్నము తిన్నవాడే రేపు తెల్లవారి అడ్డామీద నిలువగలడు. ఒక్క దినము తప్పినచో మూడర్థములును ఒక్కసారిగా తప్పును.

అట్టి యింటి ఆహారము ఉట్టిమీది కుండ వంటిది. దానిని మోయునవి కొన్ని త్రాళ్లు. ఒక త్రాడు కూలి. ఒకటి కిరాణా దుకాణమువాడు వ్రాసికొని ఇచ్చు ఉద్దెర. ఒకటి ప్రభుత్వ పాఠశాలలో బిడ్డలకు మధ్యాహ్నము పెట్టు భోజనము. ఒకటి పనిచేయు ఇండ్లలో ఇచ్చు మిగులు అన్నము. ఒకటి ఊరినుండి అప్పుడప్పుడు వచ్చు మూట. సాధారణ దినములలో ఒక త్రాడు తెగినను తక్కినవి కుండను పట్టుకొనును. భర్తకు జ్వరము వచ్చినప్పుడు ఉద్దెర ఆదుకొనును. ఉద్దెర ముగిసినప్పుడు భార్య జీతము వచ్చును. 2020 మార్చి చివరి వారమున ఈ త్రాళ్లన్నియు దాదాపు ఒకే దినమున తెగినవి. అడ్డా మూతబడెను, బడి మూతబడెను, బస్సు ఆగెను, మా వంటి వారి తలుపులు మూతబడెను. కొద్ది దినములకు దుకాణమువాడు కూడ, పాత బాకీ తీరనిదే క్రొత్త సరుకు ఇయ్యజాలననెను. అతనికిని బిడ్డలున్నారు గదా!

ధాన్యము లేకపోయెనా?

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి మన దేశమును పీడించిన యేట వర్షములు కూడ తప్పి, పంటలు పాడై, రోగమును కరవును కలిసి వచ్చినవి. 2020లో అట్లు జరుగలేదు. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీన కేంద్ర ప్రభుత్వ నిలువలలో బియ్యము, గోధుమలు కలిసి 5 కోట్ల టన్నులకు మించి యున్నవి. ఆ తేదీకి నిబంధన ప్రకారము ఉండవలసినది సుమారు 2 కోట్ల 10 లక్షల టన్నులు మాత్రమే. గిడ్డంగులు నిండియుండగా గిన్నెలు ఎట్లు ఖాళీయైనవి?

అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన తన గ్రంథములో ఈ చిక్కునే పరిశీలించెను. 1943 నాటి వంగదేశపు కరవును బాల్యమున కన్నులార చూచిన ఆ ఆర్థికశాస్త్రవేత్త తేల్చినది ఇది: దేశములో ఆహారముండుట వేరు, ఒక మనుష్యునికి ఆ ఆహారముపై హక్కు ఉండుట వేరు. కూలి పోయినవానికి, ధర చెల్లింపలేనివానికి, నిండిన అంగడి కూడ ఎడారియే.

ప్రభుత్వములు ఊరకుండలేదు. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన క్రింద సుమారు 80 కోట్ల మందికి, ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యము ఉచితముగా అదనముగా ఇచ్చిరి. తెలంగాణలో కార్డు గలవారికి మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలును. కార్డు లేని వలస కూలీలకు 12 కిలోల బియ్యము లేక పిండియు, 500 రూపాయలును ప్రకటించిరి. ఆంధ్రప్రదేశములో కార్డుదారుల కుటుంబములకు ఉచిత రేషనుతోపాటు 1000 రూపాయలు ఇచ్చిరి. ఇవి ఎందరినో బ్రతికించినవి, కృతజ్ఞతతో తలంపదగినవి. కాని కార్డు ఒకచోట, కడుపు మరియొకచోట ఉన్నవారు అనేకులు. పాలమూరు కూలివాడు హైదరాబాదులో, కరీంనగరు నేతపనివాడు భివండిలో గాని సూరతులో గాని, ఝార్ఖండు తాపీపనివాడు మన లింగంపల్లిలో! 2020 మే 1వ తేదీన వలస కూలీలకై నడిపిన మొదటి శ్రామిక రైలు ఆ లింగంపల్లి నుండియే ఝార్ఖండులోని హటియాకు సుమారు 1200 మందితో బయలుదేరెను. వారు పని లేకయే వెళ్లిరని మనమంటిమి. పని లేనప్పుడు అన్నము పెట్టుటకు ఈ నగరములో తమకు ఎవ్వరును బద్ధులు కారని వారు ఎరిగియుండుట కూడ దానికి కారణము.

పరిగె

ఇచ్చట మన మొదటి ప్రశ్నకు రావలెను. ఆకలిగొన్నవానికి ఇచ్చునది దయయా, ఋణమా?

మోషే ధర్మశాస్త్రము పొలము గలవానికి ఒక కట్టడ విధించినది. కోతకాలమున పొలపు అంచులను పూర్తిగా కోయరాదు. రాలిన వెన్నులను ఏరుకొనరాదు. మరచిన పనకై తిరిగి పోరాదు. అవి బీదలకును పరదేశులకును చెందినవి. మన పల్లెలలో ‘పరిగె ఏరుకొనుట’ అనునది ఎల్లరెరిగినదే. గమనింపదగిన దేమనగా, పరిగె యజమానుని దానము కాదు. ఎవనికి ఇయ్యవలెనో అతడు ఎన్నుకొనడు. వచ్చినవాడు వచ్చి ఏరుకొనును. కృతజ్ఞతాస్తుతి కొరకు అతడు గట్టుమీద నిలువనక్కరలేదు. మోయాబీయురాలైన రూతు బోయజు పొలములోనికి వచ్చినప్పుడు ఆమె బిచ్చమెత్తలేదు, పని చేసెను. బోయజు దయ తరువాత వచ్చెను. ఆమె హక్కు ముందే అచ్చట నుండెను.

హెబ్రీ భాషలో ‘సెదాకా’ అను మాటకు నీతి అని అర్థము. కాలక్రమమున యూదుల వాడుకలో అదే బీదలకిచ్చు సహాయమునకు పేరాయెను. కొండమీది ప్రసంగములో, ప్రభువు ప్రార్థనకు కొంచెము ముందు, మత్తయి 6వ అధ్యాయపు మొదటి వచనమున కొన్ని వ్రాతప్రతులు ‘నీతి’ అనియు, మరికొన్ని ‘భిక్ష’ అనియు చదువుచున్నవి. నకలు వ్రాయువారి చేతులు కూడ ఈ రెంటి నడుమ తడబడినవి. మన తెలుగునకు ఈ తడబాటు క్రొత్త కాదు. ‘ధర్మము’ అను మాట న్యాయస్థానములోను చెల్లును, భిక్షగాని నోటను చెల్లును. ధర్మము చేయుమని వీధిలో కేక వేయువాడు, ఎరిగియో ఎరుగకయో, న్యాయము చేయుమనియే అడుగుచున్నాడు.

నగరములో పొలము లేదు, అంచు లేదు, పరిగె లేదు. అందుచేత నగరము పరిగెను చట్టముగా వ్రాసికొనవలసి వచ్చినది. 2013లో చేసిన జాతీయ ఆహార భద్రతా చట్టము పల్లెలలో నూటికి 75 మంది వరకు, పట్టణములలో 50 మంది వరకు చవుక ధాన్యముపై హక్కు కల్పించెను. ఇది మన కాలపు పొలపు అంచు. కాని ఆ లెక్క 2011 జనాభాపై కట్టినది. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేడు జరుగలేదు. ఆ పదేండ్లలో పుట్టినవారును, నగరమునకు వచ్చినవారును అనేకులు లెక్కకు వెలుపల ఉండిపోయిరి. 2021 జూను 29న సుప్రీము కోర్టు వలస కూలీల విషయమై తీర్పు చెప్పుచు, ఒకే దేశము ఒకే రేషను కార్డు పథకమును అన్ని రాష్ట్రములును జూలై 31లోగా అమలుపరుపవలెననియు, మహమ్మారి తొలగువరకు వలస కూలీలకై సామూహిక వంటశాలలు నడుపవలెననియు ఆజ్ఞాపించెను. హక్కు మనిషి వెంట నడువవలెనని దాని భావము. రూతు మోయాబునుండి వచ్చినదని బేత్లెహేములో ఎవ్వరును ఆమెను కార్డు అడుగలేదు గదా!

నిలువ చేయుట పాపమా?

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును, అది న్యాయమైనదే. స్వకీయులను సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని తిమోతి పత్రిక బోధించుచున్నది. యోసేపు ఏడు సంవత్సరములు పంటలో అయిదవ వంతు కొట్లలో చేర్చెను. ఆపత్కాలమునకై రెండు బస్తాలు తెచ్చుకొనుట దోషమెట్లగును?

నిలువ చేయుట దోషము కాదు. ఎవరి ముఖము తలంచుకొని నిలువ చేసితిమి అనునదే ప్రశ్న. యోసేపు కొట్లు దేశమంతటికి ఉద్దేశింపబడినవి. లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుడు కూడ కొట్లు కట్టదలచెను. కాని అతని స్వగతములో ‘నా’ అను మాట మరల మరల వినబడును. మరియొక మనుష్యుని పేరు ఒక్కమారైనను వినబడదు. నా బస్తాలు యోసేపు కొట్లకంటె ఈ ధనవంతుని కొట్లకే దగ్గరగా నున్నవని ఒప్పుకొనుచున్నాను. మేము ఆ స్త్రీని ద్వేషింపలేదు, మోసగింపలేదు; మేము సరకుల పట్టీ వ్రాయునప్పుడు ఆమె మాకు జ్ఞాపకము రాలేదు.

యోసేపు చరిత్రలోనే మరియొక హెచ్చరిక కలదు. కరవు ముదిరిన కొలది ప్రజలు ధాన్యము కొరకు మొదట ధనమును, పిదప పశువులను, కడపట భూములను తమ్మును ఫరోకు అప్పగించిరి. అన్నము పెట్టు చేయి అన్నము తినువానిని లోబరచుకొనగలదు. 2020లో బియ్యపు పొట్లములు పంచుచు ఛాయాచిత్రములు తీయించుకొన్నవారిలో మనవారును కలరు. పొట్లము అందుకొను స్త్రీ కొంగుతో ముఖము కప్పుకొన్నచో, కొంగు తీయుమన్నవారును కలరు.

మన సంఘ చరిత్రలో దీనికి భిన్నమైన మాదిరి యొకటి యున్నది. 1876-78 నాటి మహాక్షామమున ఒంగోలులో సేవచేయుచున్న అమెరికను బాప్తిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపి కూలి యిచ్చిరి. కరవు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములను ఆపిరి. అన్నము కొరకు విశ్వాసము నటింపవలసిన అగత్యము ఎవ్వరికిని రాకూడదని వారి యుద్దేశము. కరవు సాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. దానికి ముందు వారు ఓర్చుకొన్న నిరీక్షణను అంతగా చెప్పుకొనము.

‘మా’లో ఎవరున్నారు?

ఇక ఆ రెండవ మాట. గ్రీకులో గాని, ఇంగ్లీషులో గాని, హిందీలో గాని ఈ చోట ఒక్క మాటయే కలదు. తెలుగులో రెండున్నవి: ‘మన’, ‘మా’. వినువానిని కలుపుకొన్నచో ‘మన’ అందుము; వినువానిని విడిచినచో ‘మా’ అందుము. ప్రార్థనలో వినువాడు దేవుడు. ఆయనకు ఆకలి లేదు గనుక ‘మన ఆహారము’ అనుట కుదరదు; ‘మా’ అనియే అనవలెను. తెలుగు అనువాదకులు చేసినది సరియే.

అయితే ‘మా’ అను మాటకు మన నోట మరియొక అలవాటు కలదు. మా యిల్లు, మా పిల్లలు, మా వీధి, మా కులము, మా సంఘము అని గోడలు కట్టుకొనుటకు దానినే వాడుదుము. మోకరించినప్పుడు ఈ అలవాటు తెలియకుండగనే విన్నపములో ప్రవేశించును. ఆ రాత్రులలో నేను పలికిన ‘మా’ మా తలుపు దగ్గరనే ఆగిపోయినది. వ్యాకరణమును బట్టి చూచినను అది తప్పు. ఆ ప్రార్థనలో ‘మా’ అను మాట వెలుపల నుంచునది ఒక్కనినే, ఆయన దేవుడు. ఆకలిగొను ప్రతివాడును ఆ మాట లోపల ఉన్నవాడే. పావుగంట దూరమున గంజి త్రాగుచున్న స్త్రీ నా విన్నపములో భాగస్థురాలు. ఆమె పేరట కూడ నేను అడిగితిని. వచ్చిన ఆహారమును నేనొక్కడనే ఉంచుకొంటిని. ఇద్దరి పేర వచ్చినదానిని ఒక్కడు దాచుకొన్నచో దానిని లోకులు ఏమందురో చెప్పనక్కరలేదు.

అందుచేత నా మొదటి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. పొరుగువాని ఆకలి తీర్చుట మొదట ఋణము, పిమ్మటనే దయ. ఋణమును తీర్చిన తరువాత దయ చూపుటకు ఎంతయైనను చోటున్నది. ఋణమును తీర్పక చూపు దయ పరిగెను కూడ కోసికొని బిచ్చము వేయుట వంటిది.

చేయదగినవి చిన్నవే. పని ఆగిన నెలలలో పనివారి జీతము ఆపకుండుట. వారి రేషను కార్డు ఎచ్చట ఉన్నదో, దానిపై ఇచ్చట బియ్యము వచ్చుచున్నదో లేదో నేడే అడిగి తెలిసికొనుట. రానియెడల దుకాణమునకు వారితో కూడ పోవుట. సంఘము తన పరిధిలోని ఇండ్లను, సభ్యులు కానివారిని సైతము, ఆపద రాకముందే ఎరిగియుండుట. మిజోరాము సంఘములలో వంటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టు ఆచారము 1910 నుండి ఉన్నది. మన స్త్రీల సమాజములలోను కొన్నిచోట్ల ఈ వాడుక కలదు. ఆ పిడికిలిని దేవాలయపు నిధికి మాత్రమే గాక వీధి చివరి పొయ్యికి కూడ ఏల చేర్చకూడదు? పొలము లేనివాడు వంటగిన్నె అంచున విడిచిపెట్టు పరిగె అది.

మేము ఆగిపోయిన నెలల జీతమును ఆమెకు జూనులో ఇచ్చితిమి. ఆమె లెక్కపెట్టుకొనక తీసికొనెను. దానితో దుకాణపు బాకీ తీర్చెనని తరువాత తెలిసినది. కాని ఏప్రిలులో తినని అన్నమును జూనులో ఎవ్వరును పెట్టలేరు. ‘నేడు’ అని ప్రభువు ఆ విన్నపములో చేర్చుటకు కారణము ఇదియేనేమో! ఇప్పటికిని ఆ విన్నపము వద్దకు వచ్చినప్పుడు మేము ఒక క్షణము ఆగుదుము. నా భార్య కొన్ని పేర్లు మెల్లగా పలుకును. అటు తరువాతనే ‘మా’ అందుము.